యంత్రసంధి, యడాగమం

సంధి అనే శబ్దానికి మన వాఙ్మయంలో అనేక ప్రయోగాలు ఉన్నాయి. రెండు వర్ణాల కలయిక సంధి. రెండు ఎముకలు కలిసే చోటు సంధి. పగలు, రాత్రి కలిసే వేళ సంధ్య. ఇద్దరు రాజులు యుద్ధం మాని ఒడంబడటం కూడా సంధియే. వీటన్నింటి యందు సామాన్యమైన లక్షణం ఒకటి ఉన్నది. రెండు వస్తువులు ఒకదానికొకటి ఆనుకొన్నప్పుడు వాటి నడుమ మిగిలే ఖాళీ ఏమవుతుంది అన్న ప్రశ్నకు ప్రతి సంధీ ఒక సమాధానం.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఆ సమాధానాలు బాల్యం నుండి పరిచితమైనవే. కొన్ని చోట్ల రెండు అచ్చులూ ఏకమై దీర్ఘమవుతాయి. దేవ, ఆలయం అనే పదాలు దేవాలయం అయినప్పుడు నడుమ ఏ ఖాళీ మిగలదు, మరి దేని అవసరమూ రాదు. మరికొన్ని చోట్ల రెండు అచ్చులూ తమ పట్టు విడువవు. అప్పుడు వాటి నడుమ ఒక యకారం వచ్చి చేరుతుంది. మా, అమ్మ అనే పదాలు మాయమ్మ అవుతాయి. దీనిని యడాగమం అంటారు. ఆ యకారానికి స్వంత అర్థం లేదు, అది ఏ పదానికీ చెందదు. ఉన్న ఖాళీని పూరించడమే దాని ధర్మం. అది ఒక్క అక్షరం మాత్రమే. రెండు యకారాలు వేస్తే సంధి మరింత దృఢమవుతుందని ఏ వైయాకరణుడూ చెప్పలేదు.

ఈ పాఠాన్ని ముప్ఫై సంవత్సరాలు కళాశాలలో బోధించిన ఒక తెలుగు ఉపన్యాసకులు, పదవీ విరమణానంతరం, తమ ఇంటి పాత కారు ఇంజను దగ్గర దానిని మరల నేర్చుకోవలసి వచ్చింది. తెనాలిలో ఆయనను అందరూ మాస్టారు అనే పిలుస్తారు.

ఆ కారు 1977 నాటి అంబాసిడర్, మార్క్ త్రీ. బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై నిర్మించి, 2014 వరకు తయారు చేసిన వంశానికి చెందినది. ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమువే. దానిని కొన్నవారు మాస్టారి తండ్రిగారు. ఆయన వైద్యులు. కృష్ణా డెల్టా పల్లెల్లోని పురుళ్లకు, జ్వరాలకు, పాముకాట్లకు ఆ కారులోనే అర్ధరాత్రులు వెళ్లి వచ్చారు. ఎనభై నాలుగవ ఏట ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. భార్యతో కలిసి చివరిసారి శ్రీశైలం వెళ్లిన ఆ కారులోనే మరొక్కసారి అక్కడికి వెళ్లాలి.

అయితే కారు పదేళ్లుగా ఇంటి ఆవరణ దాటలేదు. సిలిండర్లు అరిగి పొగ వదిలేది. అంతకన్న ప్రస్ఫుటమైన దోషం నూనె కారడం. టాపెట్ కవరు అంచులు, పక్క కవర్లు, అడుగున ఉండే ఆయిల్ ఛాంబరు, అన్నీ నిత్యం తడిగా ఉండేవి. కారు నిలిచిన చోట గచ్చు మీద పెద్ద నల్లని మరక ఏర్పడింది. మాస్టారు ఇంజనును విప్పించి విజయవాడ ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రి గారికి అప్పగించారు. సిలిండర్లు బోరు చేయించడం, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, పిస్టన్లు, ఇవన్నీ మేస్త్రి గారు నెల రోజుల్లో పూర్తి చేశారు. మూతలు మాత్రం తమ చేతులతోనే వేసుకోవాలని మాస్టారికి ఒక కోరిక. తండ్రిగారి కారు గనుక అందులో తమ చేయి కూడా ఉండాలన్న మమకారం అది.

మేస్త్రి గారు కొంచెం ఆలోచించి ఒప్పుకొన్నారు. ఇంజనును సరుకుల ఆటోలోకి ఎక్కించే వేళ ఒక్క మాట చెప్పారు.

"పేస్టు తక్కువ వాడండి, మాస్టారూ."

మాస్టారు దానిని ఖర్చుకు సంబంధించిన సలహాగా గ్రహించారు.

ఇంటి షెడ్డులో ఆయన ఆ పని నాలుగు రోజులు చేశారు. పాత ప్యాకింగుల అవశేషాలను ఉలితో గోకారు. గట్టిగా అంటుకొని ఉన్న చోట్ల, పైన పేస్టు వస్తుంది కదా అని వదిలేశారు. సిలికాన్ పేస్టు మూడు ట్యూబులు కొన్నారు. అంతగా కారిన ఇంజనుకు ఆ మాత్రం రక్షణ ఉండాలని ఆయన అభిప్రాయం. ఛాంబరు అంచు చుట్టూ చిటికెన వేలంత లావున పేస్టు ధార వేసి, దానిపై కార్కు ప్యాకింగు పరిచి, ఆ ప్యాకింగు మీద మరొక ధార వేశారు. తరువాత బోల్టులను శక్తి కొలదీ బిగించారు. పేస్టు అంచుల నుండి బయటకు ఉబికింది. మరునాడు అది ఎండాక బ్లేడుతో కోసి చక్కగా శుభ్రం చేశారు. పక్క కవర్లకు, టైమింగ్ కవరుకు, టాపెట్ కవరుకు అదే విధానం. హెడ్ గ్యాస్కెట్ రెండు ముఖాలకు కూడా పలుచగా పూశారు.

ఇంజను నడిచింది. వారం రోజులు గచ్చు మీద ఒక్క బొట్టు కూడా పడలేదు. ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్లారు.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున తండ్రీకొడుకులు బయలుదేరారు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటారు. మార్కాపురం వైపు సాగుతుండగా డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయింది. తీగ వదులై ఉంటుందని మాస్టారు అనుకొన్నారు. మరో పది నిమిషాలకు దీపం నిలకడగా వెలిగింది. కారు నిలిపే లోపే ఇంజను అడుగు నుండి సుత్తితో కొట్టినట్లు శబ్దం మొదలైంది. పెద్ద బేరింగు పోయిన ఇంజను చేసే శబ్దాన్ని ఒకసారి విన్నవారు మరువలేరు.

తండ్రిగారు రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద రెండు గంటలు కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. కారును లారీ మీద, తండ్రిగారిని బస్సులో వెనుకకు తీసుకురావలసి వచ్చింది.

మరునాడే మాస్టారు ఆటోనగర్‌కు వెళ్లారు. షెడ్డులో మేస్త్రి గారితో పాటు పని నేర్చుకొంటున్న ఇద్దరు కుర్రవాళ్లు ఉన్నారు. వారి ఎదుటనే ఆయన అన్న మాటలు ఇవి. "బేరింగులు సరిగా కూర్చోబెట్టలేదు మీరు. డెబ్భై ఏళ్లు వచ్చాక చేతులు వణుకుతాయి. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?"

మేస్త్రి గారు చేతిలోని స్పానరు కింద పెట్టారు. "ముందు ఛాంబరు దించండి, మాస్టారూ. చూశాక మాట్లాడుకుందాం."

చూడవలసినది ఏమీ లేదని చెప్పి మాస్టారు వచ్చేశారు. కూలిలో ఇవ్వవలసిన ఎనిమిది వేల రూపాయలు ఇవ్వలేదు. తెనాలిలో అడిగినవారికీ అడగనివారికీ ఆ మేస్త్రి చేతికి పని ఇవ్వవద్దని చెప్పారు. తమ పాత జీపును ఆయనకు ఇద్దామనుకొన్న ఒక మిత్రుడు ఆ మాట విని వేరొకరికి ఇచ్చాడు.

ఐదు నెలలు కారు షెడ్డులోనే ఉన్నది. ఒక సాయంత్రం తండ్రిగారు కర్ర ఊతంతో అక్కడికి వచ్చి అడిగారు.

"ఛాంబరు దించి చూశావురా?"

"లేదు నాన్నగారూ. బేరింగులేనని శబ్దం వింటేనే తెలుస్తోంది."

"బేరింగులు పోయాయి, నిజమే. ఎందుకు పోయాయి? రోగిని ముట్టుకోకుండానే రోగం పేరు చెప్పేశావన్నమాట."

మరుసటి ఉదయం మాస్టారు నూనె తీసివేసి ఛాంబరు దించారు. అది సులభంగా రాలేదు. పేస్టు దానిని బ్లాకుకు అతికించివేసింది. చివరికి ఊడి వచ్చాక, లోపలి అంచు వెంట బయటి అంచున కనిపించినంత లావున సిలికాన్ తాడులా వేలాడుతున్నది. కొన్ని చోట్ల ఆ తాడు తెగి ఉన్నది. తెగిన ముక్కలు ఎక్కడ ఉన్నాయో వెదకనక్కర లేకపోయింది. నూనెను పైకి పీల్చే గొట్టం చివర ఒక సన్నని జాలీ ఉంటుంది. మెత్తని ముక్కలు ఆ జాలీ ముఖాన్ని దాదాపు పూర్తిగా మూసివేశాయి.

జరిగినది అత్యంత సరళమైన విషయం. రెండు పలకల నడుమ పేస్టును నొక్కినప్పుడు అది బయటకు ఎంత ఉబుకుతుందో లోపలికీ అంతే ఉబుకుతుంది. బయటికి వచ్చినది కంటికి కనబడుతుంది, దానిని కోసివేయవచ్చు. లోపలికి పోయినది కనబడదు, దానిని కోసే బ్లేడు లేదు. వేడి నూనెలో నానుతూ, ఇంజను కంపనానికి ఊగుతూ, అది ఒకనాడు తెగుతుంది. నూనె ప్రవాహం దానిని జాలీ దగ్గరకు చేరుస్తుంది. జాలీ మూసుకుపోతే పంపుకు నూనె అందదు. క్రాంక్ షాఫ్టుకు, బేరింగుకు నడుమ ఉండవలసిన పలుచని నూనె పొర తొలగిపోతుంది. లోహం లోహాన్ని రాస్తుంది. ఆ తరువాత నిమిషాల పని. దీనిలో బేరింగులు అమర్చినవారి దోషం ఏమీ లేదు. ఎంత నిర్దుష్టంగా అమర్చిన బేరింగు అయినా నూనె లేకుండా బ్రతకదు.

మాస్టారు ఆ జాలీని అలాగే, ముక్కలు తీయకుండా, ఒక పాత తువ్వాలులో చుట్టారు. ఎనిమిది వేల రూపాయలు వేరుగా ఒక కవరులో పెట్టుకొన్నారు. తీరిక చూసుకొని ఒంటరిగా చెప్పుకోవచ్చునన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. అయితే నింద వేసినది ఇద్దరి ఎదుట. కావున ఆ కుర్రవాళ్లు ఇద్దరూ షెడ్డులో ఉండే వేళ చూసుకొనే వెళ్లారు.

తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టి, "తప్పు నాది. మీ చేతులు వణకలేదు. వాళ్ల ముందు అన్నాను గనుక వాళ్ల ముందే చెబుతున్నాను" అన్నారు.

మేస్త్రి గారు జాలీని వెలుగులో తిప్పి చూశారు. ముక్కలలో ఒకదానిని గోటితో తీసి పెద్ద కుర్రవాడి అరచేతిలో వేశారు. "దాచుకోరా ఇది" అన్నారు. తరువాత మాస్టారి వైపు తిరిగి, "జీపాయన రాలేదు. ఆ సంగతి కూడా తెలుసా మీకు?" అని అడిగారు.

"తెలుసు. ఆయనకూ చెప్పి వస్తాను. అడిగిన ప్రతివారికీ చెబుతాను."

మేస్త్రి గారు కవరు అందుకొన్నారు. లెక్క పెట్టుకోలేదు. "ఇంజను తీసుకురండి. షాఫ్టు మరో సైజు గ్రైండింగ్ చేయిద్దాం. మూతలు మీరే వేద్దురు గాని, ఇక్కడే వెయ్యాలి. పేస్టు ట్యూబు మాత్రం నా జేబులో ఉంటది."

రెండవసారి పని పదహారు రోజులు పట్టింది. అందులో పేస్టు వాడిన సమయం పది నిమిషాలకు మించదు. మిగిలినదంతా ఉపరితలాల శుద్ధికే సరిపోయింది. ప్యాకింగు ఒక లోపాన్ని పూరించగలదు కాని ఆ లోపానికి ఒక పరిమితి ఉన్నది. కళ్లకు నునుపుగా కనిపించే లోహపు ముఖం మీద కూడా సూక్ష్మమైన గాట్లు, ఎత్తుపల్లాలు ఉంటాయి. ప్యాకింగు పని వాటిలోకి ఒదిగిపోవడం. వంగిన ముఖాన్ని చక్కదిద్దడం దాని పని కాదు.

మొదట పాత ప్యాకింగుల తొలగింపు. ఆ కాలపు హెడ్ గ్యాస్కెట్లు రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ పొరతో తయారైనవి. పొడిగా గోకినా, తీగ బ్రష్షుతో రుద్దినా ఆ నార గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరుతుంది. అందుచేత మేస్త్రి గారు ప్రతి ముఖాన్నీ తడిపించి, నెమ్మదిగా తీయించి, ఆ తడి చెత్తను సంచిలో కట్టించారు. స్టడ్డుల రంధ్రాలను కూడా శుభ్రం చేయించారు. మూసి ఉన్న రంధ్రంలో నూనె గాని నీరు గాని నిలిచి ఉంటే, స్టడ్డు బిగించినప్పుడు అది ఎటూ పోలేక పోత ఇనుమునే పగులగొట్టగలదు.

తరువాత పరీక్ష. హెడ్డును తిరగవేసి దాని మీద సరళమైన ఉక్కు పట్టీని నిలువునా, అడ్డంగా, మూల నుండి మూలకు ఆనించి చూశారు. రెండవ, మూడవ సిలిండర్ల నడుమ పట్టీ కిందకు ఫీలర్ గేజ్ రేకు దూరింది. లేత్ షాపులో ఆ ముఖాన్ని సన్నగా చెక్కించవలసి వచ్చింది. మొదటిసారి పూసిన పేస్టు ఆ వంపును కప్పిపుచ్చింది గాని సరిచేయలేదు.

ఛాంబరు రేకుది మరొక విధమైన వంపు. పూర్వం ఎవరెవరో బోల్టులను అతిగా బిగించినందువలన ప్రతి రంధ్రం చుట్టూ రేకు పైకి లేచి ఉన్నది. అట్టి అంచును ఎంత బిగిస్తే రంధ్రం దగ్గర అంత నొక్కుకొని, రెండు రంధ్రాల నడుమ అంత వదులవుతుంది. బిగించిన కొద్దీ కారుతుందన్న మాట. మేస్త్రి గారు ఇనుప దిమ్మె మీద ఆ అంచును పెట్టి, ఒక్కొక్క రంధ్రాన్ని చిన్న సుత్తితో తట్టి చదును చేయించారు. ఆ పనికే ఒక పూట గడిచింది.

కార్కు స్వభావం వేరు. అది ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. దాని కణాలలో గాలి బంధింపబడి ఉంటుంది. రబ్బరును పైనుండి నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది. కార్కు పక్కలకు దాదాపు ఉబ్బకుండా తనలోకి తానే అణగుతుంది. అందువలననే పలుచని రేకు మూతలకు, తక్కువ బిగింపుకు అది అనువైనది. దుకాణంలో ఏళ్ల తరబడి ఉన్న కార్కు ఎండి కుంచించుకుపోతుంది, రంధ్రాలు కలవవు. లాగి సాగదీస్తే తెగుతుంది. మేస్త్రి గారు దానిని తడిగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచారు. ఉదయానికి అది తన కొలతకు వచ్చింది.

బిగింపు దగ్గర మాస్టారి చేయి మరల గట్టిపడింది. మేస్త్రి గారు చూసి అన్నారు. "స్పానర్ని రెండు వేళ్లతో పట్టుకోండి, మాస్టారూ. పిడికిలితో కాదు." అన్ని బోల్టులనూ మొదట వేళ్లతో తిప్పి, తరువాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించారు. కార్కు అణగడం కనిపించగానే ఆపివేశారు.

ఇంజను అంతటిలోకీ క్లిష్టమైన సంధి హెడ్డుది. ఒక్క పలుచని పలక సిలిండర్లలోని అగ్నిని, చుట్టూ తిరిగే జలాన్ని, పైకి వెళ్లే తైలాన్ని ఒకదానితో ఒకటి కలవకుండా నిలపాలి. అక్కడ మేస్త్రి గారు ఏ లేపనమూ పూయనివ్వలేదు. ముఖాలు చదునుగా, పొడిగా ఉంటే ఆ గ్యాస్కెట్ బిగింపు బలంతోనే పనిచేస్తుంది. దాని మీద పైభాగం, ముందుభాగం తెలిపే గుర్తులు ఉంటాయి. అవి చూసి పరిచారు. పదకొండు నట్లను మధ్య నుండి అంచులకు, మూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించారు. మధ్యలో మొదలుపెట్టడానికి కారణం ఉన్నది. అంచుల నుండి బిగిస్తే నడుమ చిక్కిన వంపుకు తప్పించుకొనే దారి ఉండదు.

పేస్టు నిజంగా కావలసిన చోట్లు కూడా ఉన్నాయి. ఛాంబరు ముందూ వెనుకా, బేరింగ్ క్యాపుల గాడులలో వేరే కార్కు ముక్కలు కూర్చుంటాయి. పక్క ప్యాకింగులు వచ్చి ఆ ముక్కలను కలిసే మూలలు నాలుగు. అక్కడ రెండు వేర్వేరు ముక్కల కొసలు ఒకదానిలో ఒకటి లీనం కాలేవు. ఎంత చక్కగా కోసినా సన్నని సందు మిగులుతుంది. మేస్త్రి గారు జేబులోంచి ట్యూబు తీసి, ఒక్కొక్క మూలలో పెసరగింజంత పేస్టు పెట్టి, మూత బిగించి, మరల జేబులో వేసుకొన్నారు.

మాస్టారు ఆ నాలుగు చుక్కలను చాలాసేపు చూశారు. "ఇది యడాగమం" అన్నారు.

"అంటే?"

"రెండు అచ్చులు కలవనప్పుడు నడుమ ఒక్క అక్షరం వస్తుంది. ఒక్కటే. ముప్ఫై ఏళ్లు పిల్లలకు చెప్పాను."

మేస్త్రి గారు నవ్వారు. తమ గురువుగారి కాలంలో ట్యూబులు లేవని, సారాయి స్పిరిట్‌లో కరిగించిన లక్కను కుంచెతో పూసేవారని చెప్పారు. లక్క మనకు అపరిచితమైనది కాదు. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురు అది. సంస్కృతంలో లాక్షా. పాండవుల కోసం కట్టిన ఇల్లు దానితోనే. అదే లక్క శుద్ధి పొంది షెలాక్ అనే పేరుతో లోకమంతటా యంత్రశాలలకు చేరింది. లక్కకు ఒక గుణం ఉన్నది. పలుచగా పూస్తేనే పట్టుకుంటుంది, మందంగా పూస్తే ఎండి పెళుసై పగులుతుంది. లేపనం మారినా పాఠం మారలేదు.

ఇంకొక సంధి మాస్టారిని ఆశ్చర్యపరిచింది. క్రాంక్ షాఫ్టు వెనుక కొస బ్లాకు దాటి బయటకు వచ్చే చోట ఈ పాత ఇంజనులో రబ్బరు సీలు గాని ప్యాకింగు గాని లేదు. షాఫ్టు మీద మరచుట్టులాంటి గాడి మాత్రం చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరిగినప్పుడు ఆ గాడి, బయటకు రాబోయే నూనెను లోపలికే తరుముతుంది. ఆ సంధిని కాపాడేది చలనం. ఇంజను ఆగినప్పుడు అక్కడ ఒకటి రెండు బొట్లు జారడం సహజం. లోపలి వాయుపీడనం పెరిగితే మాత్రం ఆ గాడి ఓడిపోతుంది.

అక్కడే అసలు కారణం బయటపడింది. ఇంజను ఊపిరి తీసుకోవడానికి పక్క కవరుకు ఒక గొట్టం ఉంటుంది. పిస్టన్లను దాటి కిందకు జారే పొగ దాని గుండా వెలికిపోవాలి. మేస్త్రి గారు ఆ గొట్టంలో తీగ దూర్చి చూస్తే అది కదలలేదు. ఏళ్ల తరబడి పేరుకొన్న నల్లని మడ్డితో అది పూర్తిగా మూసుకుపోయి ఉన్నది. అరిగిన సిలిండర్ల పొగకు పోయే దారి లేక, లోపల పీడనం పెరిగి, ప్రతి సంధి నుండీ నూనెను తోసింది. అది చూసిన మాస్టారు ప్రతి సంధినీ దోషిగా భావించి, అన్నింటినీ పేస్టుతో మూసివేశారు. మూయవలసినది ఏదీ లేదు. తెరవవలసిన దారి ఒకటి ఉన్నది.

ఇంజను నడిపి, చల్లారనిచ్చి, హెడ్డు నట్లను మరొకసారి సరిచూసి, టాపెట్లను మరల సర్దారు. వేడికి గ్యాస్కెట్ కొంత అణగుతుంది గనుక ఆ పునఃపరీక్ష తప్పనిసరి.

కార్తికమాసంలో తండ్రీకొడుకులు మళ్లీ బయలుదేరారు. వినుకొండ దాటాక మాస్టారి చూపు రోడ్డు మీద కన్న ఆయిల్ దీపం మీదనే ఎక్కువగా ఉన్నది. ఆ కల్వర్టు వచ్చినప్పుడు తండ్రిగారు చేయి చాచి డాష్‌బోర్డు మీద ఒకసారి తట్టారు, అంతే. దోర్నాల దాటి, నల్లమల ఘాట్ ఎక్కి, మధ్యాహ్నానికి శ్రీశైలం చేరారు. రాత్రి సత్రం ఆవరణలో కారు కింద మాస్టారు ఒక అట్టముక్క పరిచారు. ఉదయం చూస్తే దాని మీద రూపాయి నాణెమంత మరక ఒక్కటే ఉన్నది. అది ఇంజను వెనుక కొసకు సరిగ్గా కింద పడినది.

తిరిగి వచ్చాక ఆ అట్టముక్కను ఆటోనగర్ తీసుకువెళ్లి చూపారు. మేస్త్రి గారు మరక ఉన్న చోటు చూసి, "వెనకదేగా? ఉండనీండి" అని అట్టను పక్కన పెట్టారు. ఆ రోజు బల్ల మీద మరొక ఇంజను తలకిందులుగా ఉన్నది. జీపుది. ఛాంబరు వేయవలసి ఉన్నది. కార్కు అమర్చి ఉన్నది, మూలలు నాలుగూ ఖాళీగా ఉన్నాయి.

మేస్త్రి గారు జేబులోంచి ట్యూబు తీసి మాస్టారి చేతికి ఇచ్చారు. కుర్రవాళ్లు ఇద్దరూ చూస్తున్నారు. మాస్టారు వంగి, నాలుగు మూలలలో నాలుగు చుక్కలు పెట్టి, ట్యూబు మూత బిగించి, తిరిగి ఇచ్చివేశారు.